కారులో డాష్‌ కెమెరా: ఫ్యూజు పెట్టెతో జాగ్రత్త

సాలూరు నుండి సుంకి ఘాట్‌ మీదుగా కోరాపుట్‌కు, పార్వతీపురం నుండి రాయగడకు కార్లలో రాకపోకలు సాగించే కుటుంబాలు మన సరిహద్దు గ్రామాలలో అనేకం. ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చడానికి డాష్‌ కెమెరా తోడ్పడుతుంది. అయితే దాని తీగను ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి కలుపరాదు. తీగ ఒరుసుకొని షార్ట్‌ అయితే మంటలు లేవవచ్చు.

కారు బ్యాటరీ 12 వోల్టులది. కెమెరాకు సాధారణంగా 5 వోల్టులు చాలు. కనుక వోల్టేజీని తగ్గించే హార్డ్‌వైర్‌ కిట్‌ అవసరం. అందులోని మూడు తీగలలో ఒకటి తాళం తిప్పితేనే విద్యుత్తు వచ్చే ఫ్యూజుకు, రెండవది ఎల్లవేళలా విద్యుత్తు ఉండే ఫ్యూజుకు, మూడవది రంగు లేని లోహపు బోల్టుకు చేరాలి. ఏ ఫ్యూజు ఏదో మల్టీమీటరుతో ముందే తేల్చుకోవాలి. ఆ తరువాత బ్యాటరీ నెగటివ్‌ తీగను విప్పి పని మొదలుపెట్టాలి.

తీగలను ఫ్యూజులో దోపరాదు. ఫ్యూజ్‌ ట్యాప్‌ వాడాలి. కెమెరా వైపు ఫ్యూజు కిట్‌లో సూచించినంతే, అనగా సాధారణంగా 2 లేక 3 ఆంపియర్లు ఉండాలి. ఎయిర్‌బ్యాగ్‌, బ్రేకులు, ఇంజను కంప్యూటరు ఫ్యూజుల జోలికి పోరాదు. అద్దం పక్క స్తంభంలో ఎయిర్‌బ్యాగ్‌ ఉంటే తీగ దాని వెనుకగా పోవాలి.

కారు నిలిపి ఉన్నప్పుడు బ్యాటరీ 12 వోల్టులకు దిగగానే కెమెరా ఆగిపోయేలా కిట్‌ను అమర్చుకోవాలి. అర్ధరాత్రి రోగిని ఎక్కించుకున్నాక కారు స్టార్టు కాకపోతే, ఆ కెమెరా ఉండి ప్రయోజనమేమి? అనుమానముంటే ఆటో ఎలక్ట్రీషియనుకు అప్పగించండి.