అమ్మ జెముడు

అమ్మ పోయాక పుట్టింటి నుంచి వడ్డాదికి నేను తెచ్చుకున్నవి మూడే, ఆమె కుండీలోని కాక్టస్ కొమ్మలు. అమ్మకి అది జెముడే. బెంగ కొద్దీ రోజూ నీళ్లు పోశాను. పదిహేను రోజులకి అడుగు మెత్తబడి, రంగు తిరిగి, ఒకటే వాసన!

పక్కింటి మామ్మ చూసి, "ఓలమ్మా, దానికి దాహం కాదే, పుండయింది" అంది. చాకు వేడినీళ్లతో కడిగించి, లోపలి కండ పచ్చగా కనిపించేదాకా కోయించింది. కోతకి బూడిద అద్ది నీడన పెట్టించింది. పది రోజులు చుక్క నీరు లేదు. తను మాత్రం రోజూ వచ్చి వాటితో ఏదో గొణిగేది. మంత్రమా అంటే నవ్వేది.

బోటనీ చదివిన నాకు ఆ గొణుగుడు దగ్గరే పేచీ. మిగతాదంతా శాస్త్రమే మరి! కోత ఎండి పొర కడితే బూజు లోపలికి పోదు. కాక్టస్ రాత్రిపూట గాలి పీల్చి, తెల్లారేదాకా పులుపుగా దాచుకుంటుంది. పగలు రంధ్రాలు మూసుకుంటుంది కనుక నీటి ఖర్చు తక్కువ. రణపాలా అంతే. దాని ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా ఉంటుందని 1813లో ఉత్తరం రాసిన బెంజమిన్ హెయిన్ దొర, అంతకుముందు మన సామర్లకోట తోటలో పనిచేసినవాడే. ఆయనకీ నాలుకే చెప్పింది కదా! పెరూలో కాక్టస్ కాచి వైద్యం చేసేవాళ్లు మొక్కే గురువంటారట. మరి మామ్మకెవరు చెప్పారో?

రెండు కొమ్మలు పోయాయి. మూడోదానికి మొన్న చిన్న పిలక. మామ్మ కూతురింటికెళ్లింది. అటూ ఇటూ చూసి, వంగి, ఆ రెండు మాటలూ నేనే చెప్పి వచ్చాను.