మామునూరులో ‘దిగే వైపు’ అంటూ ఏదీ ఉండదు

వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి వచ్చినప్పటి నుంచి ఖమ్మం రోడ్డు పొడవునా ప్లాట్లు చూపించేవాళ్ల నోట ఒకటే మాట: “విమానాలు అటు చివర నుంచి లేస్తాయి సార్, ఇటు దిగుతాయంతే. ఇది దిగే వైపు, చప్పుడుండదు.” ఉన్న నాలుగు రూపాయలూ ఊడ్చి బయానా ఇస్తున్నవాళ్లు దీన్ని నమ్ముతున్నారు. ఇది అబద్ధం.

రన్‌వేకు రెండు చివరలు. ఏ చివర నుంచి దిగాలో తేల్చేది ఆ పూట గాలి. విమానం లేచినా, దిగినా ఎదురుగాలిలోకే. కారణం సూటిగా ఉంటుంది. రెక్కలకు కావాల్సింది గాలితో పోల్చిన వేగం, చక్రాలకు తెలిసేది నేల మీది వేగం. గంటకు 250 కిలోమీటర్లతో దిగే విమానానికి 20 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేల మీద వేగం 230. అదే గాలి వెనక నుంచి వీస్తే 270. బ్రేకులు అణచాల్సిన శక్తి మూడో వంతుకు పైగా పెరుగుతుంది. “వెనక గాలి ఉంటే మెత్తగా దిగుతుంది” అనేవాళ్లు కోళికోడ్‌ను గుర్తు చేసుకోవాలి. 2020 ఆగస్టు 7న వానలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం ముందు 28 వైపు నుంచి ప్రయత్నించి, తర్వాత 10 వైపు నుంచి వెనక గాలితో దిగింది. దాదాపు సగం రన్‌వే దాటాక గానీ నేలను తాకలేదు. చివర దాటి లోయలో పడింది. 21 మంది పోయారు.

ఆ 28, 10 రన్‌వేల లెక్క కాదు. దిక్సూచి డిగ్రీల్లో చివరి సున్నా తీసేస్తే మిగిలేదే ఆ అంకె. శంషాబాద్‌లో 27 అంటే విమానం ముక్కు 270 డిగ్రీల వైపు, అంటే పడమర వైపు ఉంటుంది. అదే పట్టీ రెండో చివర పేరు 09, తూర్పు ముఖం. వానాకాలం పడమటి గాలికి 27 వాడితే విమానాలు తూర్పు ఊళ్ల మీదుగా దిగి పడమర వైపు లేస్తాయి. చలికాలం తూర్పు గాలి తిరిగిందంటే అంతా తారుమారు. మామునూరుకూ ఇదే నియమం.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. ఒక పూట నిలబడి చూస్తే ఒక వైపు దిగడమే, రెండో వైపు లేవడమే కనిపిస్తుంది. ఒక రుతువంతా అలాగే సాగొచ్చు కూడా. గాలి మందంగా ఉంటే కొద్దిపాటి వెనక గాలితో దిగడానికీ అనుమతి ఉంటుంది. చాలా విమానాలకు ఆ హద్దు గంటకు 18 కిలోమీటర్ల దరిదాపు. కానీ ఇల్లు కట్టుకునేది ఒక రుతువు కోసం కాదు. పైగా దిగే విమానానికి చప్పుడుండదన్నది ఎవరు చెప్పారు? మామూలు మూడు డిగ్రీల వాలులో, రన్‌వే మొదలుకు కిలోమీటరు దూరాన అది నేలకు 70 మీటర్ల ఎత్తులో కూడా ఉండదు.

చుట్టూ వినిపించే మిగతా అపోహలు: దిగబోయి మళ్లీ పైకి లేస్తే పైలట్‌కు చేతకాలేదని కాదు, జాగ్రత్త పడ్డాడని. కంప్యూటర్లు వచ్చాయని గాలి దిక్కు చూపే విండ్ సాక్ పోలేదు. 1981లో మూతపడిన మామునూరులో 6.6 కిలోమీటర్ల రన్‌వే ఉండేదని తిప్పుతున్నారు. శంషాబాద్ పెద్ద రన్‌వేయే 4,260 మీటర్లు, మామునూరు మొదలైన 1930ల నాటి చిన్న విమానాలకు అంత దేనికి?

నక్కలపల్లి, గాడేపల్లి, గుంటూరుపల్లి చుట్టూ కొనేవాళ్లు రన్‌వే గీతను మ్యాపులో రెండు వైపులా పొడిగించి చూసుకోండి. ప్లాట్ ఆ గీత కింద పడితే ఏ చివరైనా ఒకటే. మేడ కట్టాలనుకుంటే విమానాశ్రయం చుట్టూ ఎత్తుకు హద్దులుంటాయి, 2015 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్ని మీటర్ల వరకు ఒప్పుకుంటుందో కాగితం మీద చూడకుండా బయానా ఇవ్వొద్దు.