‘ఇలాంటోళ్లందరినీ పంపించేయాలి’: అపోహలు – వాస్తవాలు

2021 సెప్టెంబర్ 3, శుక్రవారం. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ అంతా లాక్‌డౌన్‌లో ఉంది. ఇల్లు కదలడానికి మిగిలిన కొద్దిపాటి కారణాల్లో సరుకులు ఒకటి. న్యూ లిన్‌లోని లిన్‌మాల్‌లో ఉన్న కౌంట్‌డౌన్ సూపర్‌మార్కెట్‌లో ఆ మధ్యాహ్నం జనం ట్రాలీలు తోసుకుంటూ తిరుగుతున్నారు. వాళ్లలో ఒకడు అమ్మకానికి పెట్టిన కత్తిని షెల్ఫ్‌లోంచి తీసి ఎదురైనవాళ్లను పొడిచాడు. అతని మీద నిఘా పెట్టి వెంటే ఉన్న పోలీసులు నిమిషాల్లోనే అతన్ని కాల్చి చంపారు. గాయపడినవాళ్ల రక్తం ఆపడానికి తోటి కొనుగోలుదారులే తువ్వాళ్లు, పసిపిల్లల డైపర్లు తెచ్చి అదిమిపట్టారు. కత్తిపోట్లు తిన్నవాళ్లంతా బతికారు.

పొడిచినవాడు శ్రీలంక నుంచి విద్యార్థిగా వచ్చి శరణార్థి హోదా పొందిన మనిషి. ఇలాంటి ఘటన జరిగిన ప్రతిసారీ ఒక మాట ఫోన్ నుంచి ఫోన్‌కు పాకుతుంది: ‘ఇలాంటోళ్లందరినీ పంపించేయాలి.’ భయంలో పుట్టిన ఈ మాటలో ‘అందరినీ’ అన్న పదమే ప్రమాదకరమైనది. దాని చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: ప్రభుత్వం మెతకగా ఉంది కాబట్టే న్యూ లిన్ దాడి చేసినవాణ్ణి ముందే పంపించలేదు.

వాస్తవం: పంపించడానికి అధికారులు రెండేళ్లకు పైగా ప్రయత్నించారు. అతనికి 2013లో శరణార్థి హోదా వచ్చింది. అది మోసంతో సంపాదించిందని తేలడంతో 2019 ఫిబ్రవరిలో రద్దు చేశారు, ఆ తర్వాత డిపోర్టేషన్ నోటీసూ ఇచ్చారు. అతను ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకున్నాడు. క్రిమినల్ కేసు నడుస్తుండటంతో ఆ అప్పీలు ఆగిపోయింది.

మరి అప్పీలు తేలేదాకా నిర్బంధించొచ్చు కదా? నిజంగా పంపగలిగే అవకాశం ఉంటేనే ఆ పేరుతో నిర్బంధించొచ్చు. స్వదేశంలో చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉన్న మనిషిని, అతనెంత చెడ్డవాడైనా సరే, అక్కడికి పంపకూడదని అంతర్జాతీయ ఒప్పందాలు చెబుతున్నాయి, న్యూజిలాండ్ 2009 ఇమిగ్రేషన్ చట్టమూ అదే చెబుతోంది. అతనికి ఆ రక్షణ వర్తించే అవకాశం ఎక్కువని న్యాయ సలహా వచ్చింది. అసలు లోటు క్రిమినల్ చట్టంలో ఉంది. ఉగ్రదాడికి పథకం వేయడం ఒక్కటే అప్పటి ఉగ్రవాద చట్టం కింద నేరం కాదని 2020లో అతని కేసులోనే హైకోర్టు తేల్చింది. దాడి జరిగిన నెలలోనే పార్లమెంటు దాన్ని నేరంగా మార్చింది. లోటును పూడ్చే పద్ధతి అది. ఒక మతాన్నో దేశాన్నో నిందిస్తే ఆ లోటు పూడేది కాదు.

అపోహ 2: వీసా గడువు దాటినా ఉండిపోయేది ఫలానా జాతివాళ్లే. పోలీసులు వాళ్లనే పట్టుకుంటున్నారంటే కారణం ఉండే ఉంటుంది.

వాస్తవం: ఈ అపోహకు ఆక్లండ్ పెద్ద మూల్యమే చెల్లించింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇక్కడి ఫ్యాక్టరీలకు మనుషులు కావాల్సి వచ్చారు. సమోవా, టోంగా, ఫిజీ దీవుల నుంచి రప్పించుకున్నారు. వీసా ఉందా లేదా అని అప్పుడు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1973 తర్వాత ఉద్యోగాలు తగ్గగానే ఆ మనుషులే భారమయ్యారు. 1974లో లేబర్ పార్టీ హయాంలో మొదలైన దాడులు, 1975 చివర్లో మల్డూన్ నాయకత్వంలో నేషనల్ పార్టీ గెలిచాక తీవ్రమయ్యాయి. తెల్లవారకముందే పోలీసులు తలుపులు బాదేవారు. పడుకున్నవాళ్లను మంచాల మీంచి లేపి కాగితాలు చూపించమనేవారు. 1976 అక్టోబర్‌లో వీధుల్లో పోయేవాళ్లనూ ఆపారు. ఒంటిరంగును బట్టే ఆపడంతో మావోరీలను కూడా పాస్‌పోర్టు అడిగారు.

లెక్కలు వేరే కథ చెప్పాయి. 1980ల మధ్యలో జరిగిన పరిశీలన ప్రకారం, గడువు దాటి ఉన్నవాళ్లలో పసిఫిక్ దీవులవాళ్లు మూడో వంతు మాత్రమే. కేసుల్లో మాత్రం 86 శాతం వాళ్ల మీదే. బ్రిటన్, అమెరికా నుంచి వచ్చినవాళ్లు కూడా దాదాపు మూడో వంతు ఉన్నారు. వాళ్ల మీద పెట్టిన కేసులు 5 శాతం. అంటే పోలీసులు వెతికినచోటే దొరికారు, వెతకనిచోట దొరకలేదు.

అంతకంటే బాధాకరమైన సంగతి ఇంకొకటుంది. ఓవర్‌స్టేయర్‌గా కేసు ఎదుర్కొన్న ఫలేమాయి లేసా అనే సమోవా మహిళ చట్టప్రకారం న్యూజిలాండ్ పౌరురాలేనని 1982లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. 1924–1948 మధ్య పశ్చిమ సమోవాలో పుట్టినవాళ్లకు ఆ హక్కు ఉందని దాని సారాంశం. అదే ఏడాది పార్లమెంటు చట్టం చేసి ఆ హక్కును తీసేసింది. అప్పటి తరంలో బతికున్నవాళ్లు తిరిగి పౌరసత్వం కోరే వీలు 2024లో గాని రాలేదు.

అపోహ 3: రోమాలంటే రొమేనియావాళ్లు. ఐరోపా గొడవ మనకెందుకు?

వాస్తవం: ఇలా జాతిని బట్టి పంపేయడం ఐరోపాలోని రోమా మైనారిటీకీ జరిగింది. వాళ్ల పేరుకు రొమేనియాతో సంబంధం లేదు. వాళ్ల భాషలో ‘రోమ్’ అంటే మనిషి, భర్త. సుమారు వెయ్యేళ్ల కిందట ఉత్తర భారతం నుంచి కదిలిన జనం వాళ్లు. ఇప్పటికీ నీళ్లను ‘పానీ’ అంటారు, చెవిని ‘కన్’ అంటారు. మన లంబాడీ తండాల్లో పెరిగినవాళ్లకు ఈ మాటలు పరాయివి కావు.

1999లో బెల్జియంలోని ఘెంట్ పోలీసులు స్లొవాకియా నుంచి వచ్చిన రోమా కుటుంబాలకు చీటీలు పంపారు. మీ శరణార్థి దరఖాస్తులు పూర్తిచేయాలి, స్టేషన్‌కు రండి అన్నారు. నమ్మి వెళ్లినవాళ్లను అక్కడే పట్టుకుని విమానం ఎక్కించారు. అది మూకుమ్మడి బహిష్కరణ అని, ఒక్కొక్కరి పరిస్థితిని విడిగా పరిశీలించలేదని 2002లో ఐరోపా మానవ హక్కుల కోర్టు తప్పుపట్టింది. చోంకా కేసుగా పేరుపడ్డ తీర్పు అది. అయినా 2010లో ఫ్రాన్స్ రోమా శిబిరాలను కూల్చి, పెద్దలకు 300 యూరోలు, పిల్లలకు 100 యూరోలు చేతిలో పెట్టి రొమేనియా, బల్గేరియాలకు పంపింది. అప్పటికే ఆ రెండు దేశాలూ యూరోపియన్ యూనియన్‌లో ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టు సర్క్యులర్‌లో రోమాల పేరే రాసి ఉందని బయటపడ్డాక గొడవై, దాన్ని మార్చారు.

జాతి పేరు రాసి శిక్షించడం మన నేలకూ కొత్త కాదు. 1871 నేరస్థ తెగల చట్టం పుట్టిన పిల్లలకే దొంగ ముద్ర వేసింది. ఎరుకలవాళ్లను తెచ్చి కూర్చోబెట్టిన స్టువర్టుపురం దాని ఫలితమే. 1952లో చట్టం పోయింది. ఊరిపేరు చెప్పడానికి జంకే పరిస్థితి ఆ తర్వాతా చాలాకాలం పోలేదు.

అపోహ 4: మనకు పీఆర్ వచ్చేసింది. డిపోర్టేషన్ మన ఇంటి సమస్య కాదు.

వాస్తవం: న్యూజిలాండ్‌లో రెసిడెంట్ వీసా వచ్చిన రెండేళ్లలోపు, 3 నెలలు లేదా అంతకుమించి జైలుశిక్ష పడే వీలున్న నేరం చేసి దోషిగా తేలినా డిపోర్టేషన్ తలుపు తెరుచుకుంటుంది. శిక్ష నిజంగా అంత పడనక్కర్లేదు. నోటీసు వస్తే మానవతా కారణాలపై అప్పీలుకు 28 రోజులే గడువు. వీసా అయిపోయి ఉండిపోయినవాళ్లకు, చట్టవిరుద్ధంగా మారిన రోజు నుంచి 42 రోజులు. ఆ గడువు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. ‘చూద్దాంలే’ అనుకుంటూ ఈ రోజులు పోగొట్టుకోవద్దు. కమ్యూనిటీ లా కేంద్రాల్లో ఉచితంగా న్యాయసలహా దొరుకుతుంది.

2017 ఫిబ్రవరిలో కొందరు భారతీయ విద్యార్థులు ఆక్లండ్‌లోని పాన్సన్‌బీ యూనిటేరియన్ చర్చిలో తలదాచుకున్నారు. ఇండియాలో ఏజెంట్లు తమకు తెలియకుండా దొంగ కాగితాలు పెట్టారన్నది వాళ్ల మొర. దరఖాస్తు మీది కాబట్టి బాధ్యతా మీదేనంది ఇమిగ్రేషన్ శాఖ. న్యూజిలాండ్‌లో ఇమిగ్రేషన్ సలహా ఇచ్చేవాళ్లకు, లాయర్ల లాంటి కొందరికి తప్ప, లైసెన్స్ తప్పనిసరి. విదేశంలో కూర్చుని స్టూడెంట్ వీసా సలహా మాత్రమే ఇచ్చేవాళ్లకు ఆ నియమం వర్తించదు. అందుకే మన ఊళ్లో కన్సల్టెన్సీవాళ్లు నింపిన ప్రతి కాగితాన్నీ సంతకానికి ముందు మనమే చదవాలి.

అపోహ 5: మైనారిటీ హక్కులంటే తప్పుచేసినవాళ్లను కాపాడటమే.

వాస్తవం: తప్పుచేసినవాణ్ణి శిక్షించొద్దని ఏ హక్కూ చెప్పదు. ఆ మనిషి ఏం చేశాడో చూడండి, అతని మాట వినండి, కారణం రాసివ్వండి, పై అధికారికి చెప్పుకునే దారి ఉంచండి అంటుంది. ఈ వరస పాటిస్తే నేరస్థుడు దొరుకుతాడు, అతని పక్కింటివాడు నిశ్చింతగా పడుకుంటాడు.

న్యూ లిన్ ఘటనకు నెల ముందు, 2021 ఆగస్టు 1న, ఆక్లండ్ టౌన్ హాల్‌లో ప్రధాని జసిండా ఆర్డెర్న్ నేలమీద కూర్చున్నారు. సమోవా సంప్రదాయమైన ‘ఇఫోగా’ ప్రకారం ఆమెమీద పెద్ద అల్లిక చాప కప్పారు. బాధిత సమాజంవాళ్లే దాన్ని తొలగించారు. నాటి తెల్లవారుజామున దాడులకు ప్రభుత్వం చెప్పిన క్షమాపణ అది. అది వినాల్సినవాళ్లలో ఎందరో అప్పటికే కన్నుమూశారు. ‘అందరినీ పంపించేయాలి’ అన్న ఫార్వర్డ్ మన ఫోన్‌కు వచ్చినప్పుడు ఆ చాపను గుర్తుచేసుకుందాం. ఆ మాటను మన దగ్గరే ఆపుదాం.