గాజు తొట్టిలో కాపురం

పిల్లలూ! మీ ఇంట్లో ఒక గాజు తొట్టి ఉన్నదనుకోండి. అందులో ఉన్నవి మంచినీళ్లు కావు, ఉప్పునీళ్లు. ఆ నీళ్లలో రెండు చేపలు. ఒంటినిండా నారింజరంగు, దానిమీద మూడు తెల్లపట్టీలు, రెక్కల అంచులకు కాటుక దిద్దినట్టు నల్లగీత. వీటిని క్లౌన్ చేపలంటారు. క్లౌన్ అంటే సర్కసులో మనల్ని నవ్వించే బఫూను. ఆ వేషమూ, ఒళ్లంతా ఊపుకుంటూ ఈదే తీరూ చూస్తే ఆ పేరెందుకు వచ్చిందో మీకే తెలుస్తుంది.

ఒకనాటి ఉదయం మీరు తిండి వేద్దామని తొట్టి దగ్గరికి వెళతారు. చిన్న చేప తోక చివర చీలి ఉంటుంది. పెద్ద చేప దాన్ని ఈ మూలనుంచి ఆ మూలకు తరుముతూ ఉంటుంది. మీ గుండె గుభేలుమంటుంది. "అయ్యో, చిన్నదాన్ని చంపేస్తున్నది!" అని వల కోసం పరుగెత్తుతారు.

ఆగండి! ఆ రెంటిమధ్యా జరుగుతున్నదేమిటో ముందు తెలుసుకోవాలి. ఒక్కొక్కప్పుడు మనం తొందరపడి చేసే సాయమే చేపకు చేటు తెస్తుంది.

సముద్రంలో క్లౌన్ చేపలు పగడపు దిబ్బల దగ్గర ఉంటాయి. మన దేశంలో అండమాన్ దీవులవద్దా, లక్షద్వీపాలవద్దా ఉన్నాయి. అక్కడ వాటికి ఇల్లు ఏమిటో తెలుసా? సీ అనిమోన్ అనే జంతువు. అది చూడటానికి పువ్వులాగే ఉంటుంది. కాని దాని రేకులను తాకిన చేపను అది విషంతో కుడుతుంది. క్లౌన్ చేపను మాత్రం ఏమీ చెయ్యదు. ఆ చేప ఒంటిమీద ఉండే జిగురుపొర దాన్ని కాపాడుతుంది. ఈ ఇల్లు విడిచి దూరం వెళ్లిందో, ఏ పెద్ద చేపో గుటుక్కున మింగేస్తుంది. ఇల్లు చిన్నది, అందులో ఉండవలసిన చేపలు నాలుగైదు. మరి తగువులు రాకుండా ఉంటాయా?

అందుకని వాటిలో ఒక కట్టుబాటు ఉన్నది. అన్నిటికన్నా పెద్దది ఆడచేప. ఇంటి పెత్తనమంతా దానిదే. దాని తరవాతది మగచేప. ఆ రెండే జంట. మిగిలినవి ఇంకా చిన్నవి. అవి ఈ జంట పిల్లలనుకునేరు! కావు. ఎక్కడెక్కడినుంచో నీటివాలున కొట్టుకువచ్చి చేరినవి.

2003లో పీటర్ బస్టన్ అనే శాస్త్రజ్ఞుడు పాపువా న్యూ గినీలో ఈ చేపలను కొలిచి చూసి ఒక వింత చెప్పాడు. పైచేప 10 అణాలంత ఉంటే దాని కిందిచేప సుమారు 8 అణాలంతే ఉంటుంది. ఆపైన పెరగదు! పెరిగి పైదానికి పోటీ వస్తే ఇంట్లోంచి తరిమేస్తారని దానికి భయం. చిన్నగా ఉండటమే దానికి రక్ష.

ఇంకొక వింత వినండి. ఆడచేప చచ్చిపోతే, మగచేప క్రమంగా ఆడచేపగా మారిపోతుంది! దాని కిందిది ఎదిగి మగచేప స్థానంలోకి వస్తుంది. 2003లో వచ్చిన "ఫైండింగ్ నీమో" సినిమాలో తల్లి చచ్చిపోతే తండ్రిచేప కొడుకును వెతుక్కుంటూ వెళుతుంది. నిజంగా సముద్రంలో అయితే ఆ తండ్రి కొన్నాళ్లకు ఆడచేప అయి ఉండేది! అయితే, ఒకసారి ఆడదైన చేప మళ్లీ మగది కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, దీనితో పని ఉన్నది.

ఇప్పుడు మీ తొట్టి దగ్గరికి వద్దాం. పెద్దచేప తరిమినప్పుడు చిన్నచేప ఏం చేస్తున్నదో కదలకుండా కూర్చుని చూడండి. అది ఒక పక్కకు ఒరిగి, చలి వేసినట్టు గడగడ వణికిందా? అయితే భయం లేదు. "పెత్తనం నీదేనమ్మా, నేను పోటీకి రాను" అని అది దండం పెడుతున్నదన్నమాట. పెద్దది కాసేపటికి ఊరుకుంటుంది. తరిమేటప్పుడు ఈ చేపలు టకటకమని చప్పుడు కూడా చేస్తాయి. దవడ చటుక్కున మూసి, పళ్లకు పళ్లు తగిలించి ఆ చప్పుడు చేస్తాయని 2007లో శాస్త్రజ్ఞులు కనిపెట్టారు.

కొత్తగా కలిసిన జంటలో ఇలాంటి తగువు కొన్నాళ్లు మామూలే. మధ్యలో మనం వెళ్లి విడదీస్తే అది తెగదు. మళ్లీ కలిపినప్పుడు మొదటినుంచీ మొదలవుతుంది.

మరి మనం ఎప్పుడు కలగజేసుకోవాలి? చిన్నది దండం పెట్టినా పెద్దది ఊరుకోకుండా రోజల్లా తరుముతున్నప్పుడు. చిన్నది పైమూలన నక్కి, తిండికైనా రానప్పుడు. రెక్క మొదలుదాకా చిరిగినప్పుడు. ఒంటిమీద పొలుసులు ఊడి గాయమైనప్పుడు. రెండూ మూతులు కరుచుకుని ఏదీ తగ్గకపోతే అవి రెండూ ఆడచేపలు కావచ్చు. అలాంటివి ఒకే తొట్టిలో ఉంటే ఒకటి చచ్చేదాకా పోరు ఆగదు. వాటిని వేరు చెయ్యవలసిందే.

వేరు చేసేటప్పుడు చాలామంది ఒక పొరపాటు చేస్తారు. దెబ్బతిన్న చిన్నదాన్ని పట్టి పెట్టెలో పెడతారు. అలా కాదు. పెద్దదాన్నే చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టెలో ఉంచి, ఆ పెట్టెను తొట్టిలోనే కట్టాలి. నీళ్లు లోపలికీ బయటికీ తిరుగుతాయి, రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. ఈలోగా చిన్నది తొట్టి అంతా తిరిగి ధైర్యం తెచ్చుకుంటుంది. మీరు రాళ్లను అటూ ఇటూ మార్చి పెట్టండి. కొన్నిరోజుల తరవాత పెద్దది బయటికి వచ్చి చూస్తే, "ఇది నా చోటు" అనటానికి పాతచోటు ఉండదు! రంగు వెయ్యని మట్టికుండీ ఒకటి పక్కకు పడుకోబెడితే చిన్నదానికి దాక్కోను చోటు దొరుకుతుంది. తిండి ఒకేసారి కుమ్మరించక, కొంచెం కొంచెం రెండు మూడుసార్లు వెయ్యండి. చేపను పట్టటానికి వల వాడితే చిరిగిన రెక్క ఇంకా చిరుగుతుంది. గ్లాసుతోనో గిన్నెతోనో నీళ్లతో సహా తియ్యటం మేలు. తొట్టిలో చెయ్యి పెట్టేముందు హీటరూ, పంపూ ప్లగ్గులు తీయించండి. ఈ పని మీ నాన్నగారో అమ్మగారో చెయ్యాలి.

ఇక గాయం సంగతి. మనకు దెబ్బ తగిలితే బామ్మ పసుపు అద్దుతుంది. చేపకు అద్దకండి! తొట్టిలో ఏ పొడీ వెయ్యకండి. చీలిన రెక్కకు మంచి మందు శుభ్రమైన నీరే. తొట్టినీళ్లలో పదోవంతు తీసి, అంతే ఉప్పదనమూ, అంతే వెచ్చదనమూ ఉన్న కొత్తనీళ్లు పొయ్యండి. వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. నీటిని పరీక్షించే కిట్టు దుకాణంలో దొరుకుతుంది. దానితో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా రావాలి. ఇలా ఉంటే చిన్న చీలిక ఒకటి రెండు వారాల్లో తనంతట తానే అతుక్కుంటుంది.

కాని గాయంమీద దూదిలాంటి తెల్లని బూజు పట్టినా, అంచు ఎర్రబడినా, రెక్క రోజురోజుకూ కరిగిపోతున్నా, చేప రొప్పుతున్నా ఆలస్యం చెయ్యకూడదు. చేపల వైద్యం తెలిసినవారికి చూపించాలి. మందు వెయ్యవలసి వస్తే వేరే తొట్టిలోనే వెయ్యాలి. రాగి కలిసిన మందు పెద్ద తొట్టిలో పడిందంటే అందులోని రొయ్యలూ, అనిమోన్లూ చచ్చిపోతాయి.

మీరు కొత్తగా జంటను తెచ్చుకోదలిస్తే, పెంపకంలో పుట్టిన చిన్నచేపలను రెంటిని తీసుకోండి. ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది. పెద్దది ఆడచేప అవుతుంది, చిన్నది మగచేప అవుతుంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు కూడా క్లౌన్ చేపలను తొట్లలో గుడ్లు పెట్టించి పెంచారు. కనక సముద్రంలో వాటి ఇంటినుంచి పట్టి తేవలసిన పనిలేదు. జంటలో ఆడచేప చచ్చిపోతే మరొక పెద్ద ఆడచేపను తేవద్దు. మిగిలినదానికన్నా చిన్నదాన్ని తీసుకురండి. ఎందుకో మీకిప్పుడు తెలుసు గదా!

తగువులు తీరి కాపురం కుదిరితే, ఒకనాడు ఆ జంట మట్టికుండీని మూతులతో శుభ్రం చెయ్యటం చూస్తారు. అది గుడ్లు పెట్టటానికి. వారం పదిరోజులు మగచేప ఆ గుడ్లకు రెక్కలతో విసురుతూ కాపలా కాస్తుంది. అప్పుడు మాత్రం తొట్టిలో చెయ్యి పెట్టేరు సుమా! నిన్నటిదాకా పెద్దదానికి దండాలు పెట్టిన ఆ చిన్నచేపే వచ్చి మీ వేలు కొరుకుతుంది!