వలిసె పూవు

కార్తీక మార్గశిరములందు అరకులోయకు పోవు పట్టణవాసులు పసుపుపచ్చని వలిసె చేలను జూచి పరవశులై, వానిలో దిగి ఛాయాచిత్రములు తీయించుకొందురు. అది ఉద్యానవనము గాదు, గిరిజనుని జీవనాధారము.

మనము వెఱ్ఱినువ్వులని చులకనగా బిలుచు ఈ పైరునకు పుట్టినిల్లు ఇథియోపియా పీఠభూమి. అచ్చట దీని పేరు నూగ్. సత్తువ చాలని నేలలో, వర్షాధారముననే ఇది పండును. గింజలో నూటికి 30 పాళ్లకు పైగా నూనె గలదు. నూనె వంటకు, చెక్క పశువులకు, వేయించి దంచిన గింజ పచ్చడికి ఉపయోగపడును. తేనెటీగలు పుప్పొడిని మోసినగాని గింజ చక్కగా పట్టదు. త్రొక్కిన ప్రతి మొక్కతోడను కొంత నూనె, కొంత తేనె నశించును.

కావున గట్టున నిలిచియే చూడుడు. మరలునప్పుడు ఆ గింజలను న్యాయమైన ధరకు కొనుడు. పైరునకు వెఱ్ఱిపేరు పెట్టిన మనము, దానిని త్రొక్కి వెఱ్ఱివారమనిపించుకొనకుందుము గాక!