దారి తప్పిన బంధువులు

హైదరాబాదు వాసులు 2000 ఆగస్టు 24వ తేదీని మరచిపోలేరు. ఒక్క రోజులో బేగంపేటలో 24 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. హుస్సేన్ సాగర్ మిగులు నీరు పారే నాలా పొంగి అశోక్‌నగర్, దోమలగూడ ప్రాంతాల్లోని ఇళ్ళను ముంచెత్తింది. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోని అరుదైన ఉర్దూ గ్రంథాలు ఎన్నో ఆ నీటిలో పాడైపోయాయి. అశోక్‌నగర్‌లో మేము అద్దెకున్న ఇంట్లోకి నడుము లోతు నీరు వచ్చింది. బియ్యం, పరుపులు, నాన్నగారి బైబిలు అన్నీ పోయాయి. ప్రాణాలు దక్కినందుకు ప్రభువును స్తుతించి, రెండు వీధుల అవతల ఒక మేడమీద వాటాలోకి మారాము.

సంగతి విన్న అమ్మ, "ఈ క్రిస్మస్‌కి వాళ్ళు రావడం కాదు, మనమే వెళ్దాం" అన్నదట. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊళ్ళో అమ్మ అన్నయ్యతోనే ఉంటుంది. అన్నయ్య ఒప్పుకున్నాడు గాని ఒక షరతు పెట్టాడు. చిక్కడపల్లిలో అక్కాబావల ఇంటి గడప మాత్రం తొక్కనన్నాడు. అక్క పెళ్ళినాడు ఇస్తామన్న అరెకరం విషయమై నాలుగేళ్ళుగా వారికి మాటలు లేవు. ఇద్దరూ ఆదివారం తప్పక ఆరాధనకు వెళ్ళేవారే, ఇద్దరూ ప్రభువు బల్లలో పాలుపొందేవారే!

డిసెంబరు 23న తెల్లవారకముందే మేము నాంపల్లి స్టేషన్‌లో నిలబడ్డాము. గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చింది. పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి. మావాళ్ళు మాత్రం దిగలేదు. పక్కవాళ్ళ మాట విని వాళ్ళు సికింద్రాబాదులోనే దిగిపోయారు. మా కొత్త అడ్రసు రాసిన ఉత్తరం ఊళ్ళో చూరులోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో మా వంటివారి చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు. అమ్మకు గుర్తున్నది ఒక్కటే, "చిక్కడపల్లి, పెద్ద లైబ్రరీ దగ్గర." అంటే అక్క ఇల్లు!

ఆటో ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్ మీదుగా అక్క వాకిట ఆగింది. దారిలో పాకం డబ్బా ఒలికి దుప్పట్లన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. బావగారు పండుగకు గోడలకు సున్నం వేస్తూ, కుంచె చేతిలో ఉండగానే బయటికి వచ్చారు. అన్నయ్య ఆటోలోంచి కదలలేదు. బావగారు కుంచె పక్కన పెట్టి, ఆటో కిరాయి ఇచ్చి, జిగురు కారుతున్న మూట భుజాన వేసుకున్నారు. "ముందు కాఫీ తాగండి బావగారూ, పోట్లాట తరువాత చూసుకుందాం" అన్నారు. ఆయన తెల్లచొక్కా నిండా బెల్లపు మరకలు చూసి అన్నయ్యకు నవ్వు ఆగలేదట.

మరునాడు మరో చిక్కు వచ్చింది. మా నగరంలో చాలామంది కేకు పిండి ఇంట్లో కలిపి, బేకరీకి తీసుకెళ్ళి కాల్పిస్తారు. పండుగ రద్దీలో చీటీలు మారిపోయి ఎవరిదో చిన్న కేకు మాకు వచ్చింది. రాత్రి పది గంటలకు నారాయణగూడ నుండి ఒక కుటుంబం, బేకరీ కుర్రవాడిని వెంటబెట్టుకొని, మా కేకు పట్టుకొచ్చింది. ఒక మూల అప్పటికే కోసేశారు! అమ్మ వారిని కూర్చోబెట్టి, రెండు కేకులూ అందరికీ పంచింది. అంతలో కరెంటు పోయింది. లాంతరు వెలుగులో, ఏ వాయిద్యమూ లేకుండానే క్రిస్మస్ పాటలు పాడుకున్నాము. 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఓబర్న్‌డార్ఫ్ గ్రామంలో 'సైలెంట్ నైట్' పాటను మొదట పాడినప్పుడు తోడున్నది కూడా ఒక గిటారు మాత్రమే.

పండుగ ఉదయం అందరం నారాయణగూడలోని ఆలయానికి నడిచి వెళ్ళాము. మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాలలో, కానుక అర్పించే ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు చెప్పారు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. కాని కానుకల సంచి రాకముందే అన్నయ్య లేచి వెళ్ళి బావగారి పక్కన కూర్చున్నాడు. సంక్రాంతి తరువాత పొలం కొలిచారు. అరెకరం కుదరలేదు, ముప్పై సెంట్లే వచ్చింది. బావగారు అదే చాలన్నారు. అన్నయ్య మిగతాది తరువాత చూద్దామన్నాడు. అంతా తీరిందని చెప్పలేము గాని, ఆ తరువాత ఏ క్రిస్మస్‌కూ వాళ్ళిద్దరూ విడిగా భోజనం చేయలేదు.

2020 ఫిబ్రవరిలో చిక్కడపల్లికీ, నారాయణగూడకూ మెట్రో రైలు వచ్చింది. ప్రతి చేతిలో ఫోను ఉంది. ఇప్పుడు బంధువులు దారి తప్పడం అరుదు. అయినా మనం తొక్కనన్న గడపలు మాత్రం తగ్గలేదు. ప్రియ పాఠకులారా, ఈ పండుగకు మీ ఇంట పిండి కలిపే ముందు, మాటలు లేని ఆ ఒక్క ఇంటికి కబురు పంపండి. వాళ్ళు రాకపోతే మీరే వెళ్ళండి. బేత్లెహేములో చోటు దొరకని ప్రభువుకు మన ఇళ్ళలో చోటు ఇవ్వడమంటే అదే కదా!