కబురు రాలేదంటే క్షేమమేనా?

ఇంటి నుంచి రెండు రోజులు ఫోను రాకపోతే మనకు నిద్ర పట్టదు. ఏమైందో ఏమోనని మనమే చేస్తాం. అదే సైటాఫీసు కంప్యూటరు మూడు నెలలు ఏ కబురూ చెప్పకపోతే, అంతా బాగానే ఉందనుకున్నాం. ఆ నమ్మకం మా క్యాంపులో నలభై మంది ఓవర్‌టైం డబ్బుల మీదికి తెచ్చింది.

మేము దోహాలో ఒక భవనం పనిలో సూపర్‌వైజర్లం. సివిల్ డిప్లొమా చేసి వచ్చినవాళ్లం. కాంక్రీటు, మనుషుల లెక్క, రోజువారీ రిపోర్టు అన్నీ మా మీదే. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో చెప్పే టైమ్‌షీట్లు పోర్టా క్యాబిన్‌లోని ఒకే ఒక్క కంప్యూటర్లో ఉండేవి. రోజూ రాత్రి 11 గంటలకు వాటి కాపీ పక్కనున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి వెళ్లేలా మాకు ముందున్న ఇంజనీరు ఏర్పాటు చేసి వెళ్లాడు. డిస్కు మీద నీలం లైటు వెలుగుతూ ఉండేది. లైటు వెలుగుతోంది కదా, బ్యాకప్ అవుతోందిలే అనుకున్నాం.

నిరుడు జూలైలో కంప్యూటరు పాడైంది. బ్యాకప్ ఉందన్న ధీమాతో ఆ డిస్కు తెరిచి చూస్తే గుండె జారింది. చివరి ఫైలు ఏప్రిల్ నాటిది! డిస్కు ఎప్పుడో నిండిపోయింది. అప్పటి నుంచి ప్రతి రాత్రీ బ్యాకప్ మొదలవడం, మధ్యలో ఆగిపోవడం. కంప్యూటరు చెప్పలేదా అంటే, చెప్పింది. 'బ్యాకప్ కాలేదు' అని రోజూ ఒక మెయిల్ పంపింది. కాకపోతే అది ఉద్యోగం మానేసి వెళ్లిపోయిన ఆ ఇంజనీరు పాత అడ్రసుకు పోయింది. చూసే నాథుడు లేడు.

మే, జూన్ ఓవర్‌టైం అప్పటికి ఇంకా చేతికి రాలేదు. లెక్క చూపిస్తేనే డబ్బు అంది ఆఫీసు. జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటరు "సారూ, గా పైసలతోనే బిడ్డ కాలేజీ ఫీజు కట్టాలె" అంటే మాకు మాట పెగల్లేదు. చివరికి మమ్మల్ని గట్టెక్కించింది టైమ్‌కీపర్ చేతిరాత పుస్తకం. కంప్యూటరు వచ్చినా పాత అలవాటు మానుకోలేక గంటలు రాసిపెట్టుకున్నాడు. ఆరు రాత్రులు కూర్చుని మళ్లీ టైపు చేశాం. అయినా చెరిగిపోయిన పేజీల వల్ల కొందరికి నాలుగైదు గంటల కూలి దక్కలేదు. ఆ తప్పు మాదే.

మాలాంటి వాళ్లకే ఇలా జరిగిందనుకోవద్దు. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ పనిని దాచుకునే గిట్‌ల్యాబ్ అనే సంస్థకూ 2017 జనవరి 31న ఇదే గతి పట్టింది. ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ కోసం వెతికితే రోజూ జరగాల్సిన కాపీలు లేవు. సాఫ్ట్‌వేర్ వెర్షన్లు కలవక అవి విఫలమవుతున్నాయి. ఆ సంగతి చెప్పే మెయిళ్లను, సరైన గుర్తింపు లేదని, మెయిల్ సర్వరే తిప్పికొట్టింది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పనికి తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ మధ్య గంటల్లో చేరిన సమాచారం మాత్రం పోయింది. ఆ సంస్థ ఇదంతా దాచకుండా లోకానికి చెప్పింది.

ఈ రెండింటిలోనూ లోపం ఒక్కటే. చెడిపోయినప్పుడు చెబుతుందిలే అని నమ్మడం. ఆ చెప్పే దారే మూసుకుపోతే? అందుకే బ్యాకప్ కాలేదన్న మాటతో పాటు, అయ్యిందన్న మాట కూడా రావాలి. ఫలానా రోజు, ఫలానా టైముకి, ఇన్ని ఫైళ్లు అని రావాలి. ఆ మాట రాని రోజే మనం లేచి చూడాలి. వచ్చే మాట కూడా ఆ ఫైళ్లు ఎవరికి కావాలో వాళ్ల కళ్లబడే చోటికి రావాలి. అలాగని గంటగంటకూ మెసేజ్ పెడితే ఎవరూ చదవరు. రోజుకొకటి చాలు.

మన పనిలో చూడండి. స్లాబు పోసిన రోజే క్యూబులు తీస్తాం, గట్టిపడ్డాక నీళ్లలో పెడతాం. 7 రోజులకు, 28 రోజులకు ప్రెస్ చేసి బలం చూస్తాం. పైకి గట్టిగా కనిపిస్తోంది కదా అని ఏ కన్సల్టెంటూ సంతకం పెట్టడు. బ్యాకప్‌కి కూడా క్యూబ్ టెస్ట్ ఉంది. కాపీలోంచి ఒక ఫైలు బయటికి తీసి తెరిచి చూడటమే.

ఇప్పుడు మా క్యాబిన్ గోడకి ఒక చార్టు ఉంది. రోజూ పొద్దున హాజరు రాసే మనిషే చివరి బ్యాకప్ తేదీ చూసి అందులో వేస్తాడు. గురువారం సాయంత్రం ఒక ఫైలు తెరిచి చూసి సంతకం పెడతాం. రెండో కాపీ హెడ్డాఫీసులో ఉంటుంది. రెండు నిమిషాల పని.

క్యాంపులో అందరికీ కంప్యూటరు లేకపోవచ్చు, ఫోను మాత్రం ఉంది. పాస్‌పోర్టు కాపీ, అగ్రిమెంటు, జీతం స్లిప్పులు, ఊళ్లో పిల్లల ఫొటోలు, కొందరికైతే చనిపోయిన అమ్మానాన్నల గొంతు కూడా అందులోనే. వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్ నొక్కండి. చివరిసారి ఎప్పుడైందో తేదీ కనిపిస్తుంది. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, ఐఫోన్ వాళ్లకు ఐక్లౌడ్‌లో 5 జీబీ. అది నిండితే కొత్తవి ఎక్కవు. ఖాళీ లేదని వచ్చే మెసేజ్‌ని డ్యూటీ హడావుడిలో పక్కకు తోసేస్తుంటాం. ఇకపై తోసేయకండి.

ఈ శుక్రవారం ఇంటికి ఫోను చేసి క్షేమసమాచారాలు కనుక్కున్నాక, అదే ఫోనులో ఆ తేదీ కూడా ఒకసారి చూడండి. పాతదైతే ఆ రోజే సరిచేసుకోండి. పక్క మంచం తమ్ముడికి చూడటం రాకపోతే, మీరే చూసి చెప్పండి.